హీరోగారు ఎగిరారు సరే... దిగేదెలా?

కోనసీమలో పుట్టిన పిల్లాడికి నడక రాగానే పెద్దవాళ్ళు నేర్పే మొదటి సైన్సు పాఠం ఒకటుంది. "కొబ్బరిచెట్టు కింద నుంచోకురా!" న్యూటన్‌గారూ, ఆయన ఆపిల్ చెట్టూ ఆ తర్వాతెప్పుడో హైస్కూల్లో వస్తారు. ఆపిల్ రాలడం చూసి న్యూటన్‌గారు ఆలోచనలో పడ్డారట. అదే మా ఊళ్ళో కొబ్బరికాయ నెత్తిన పడితే ఆలోచించడానికి బుర్రంటూ మిగలదు!

ఇంతకీ ఈ కాయల గొడవ సినిమా పత్రికలో ఎందుకంటారా? చెప్తాను. అమలాపురంలో చూసినా, రాజోలులో చూసినా, కొత్తపేటలో చూసినా, ఫైటింగ్ సినిమా వదిలాక హాలు బయట టీకొట్టు దగ్గర వినపడే ప్రశ్న ఒకటే. "ఏవండీ, అది నిజంగా కుదురుద్దంటారా?" నేను డిగ్రీలో ఫిజిక్సు చదివానని తెలిసిన మిత్రులైతే ఆ ప్రశ్న నేరుగా నా మీదికే విసురుతారు. ఆ చదువు నాకు ఉద్యోగం తెచ్చిపెట్టలేదు గాని, ఇలాంటి తగాదాల్లో పెద్దమనిషి హోదా మాత్రం ఇచ్చింది. అందుకని ఈ వారం మన తెలుగు సినిమా ఫైట్లని కాస్సేపు ఫిజిక్సు పరీక్షకి కూర్చోబెడదాం.

ముందుగా ఒక మనవి. 'మాయాబజార్' ఘటోత్కచుడికీ, విఠలాచార్యగారి దయ్యాలకీ ఈ పరీక్ష లేదు. మంత్రం వేసినచోట లెక్క అడగడం రసికుల లక్షణం కాదు. కండబలంతో, తెలివితో, తాడుతో, మోటార్ సైకిలుతో చేశామని చెప్పే సాహసాలకే ఈ ప్రశ్నాపత్రం.

కాయ చెప్పే సూత్రం

ఇరవై మీటర్ల కొబ్బరిచెట్టు అనుకోండి. ఇంచుమించు ఆరంతస్తుల మేడ ఎత్తు. అంత ఎత్తునుంచి రాలిన కాయ 2 సెకన్లలో నేల చేరుతుంది. చేరేటప్పటికి దాని వేగం గంటకి 70 కిలోమీటర్లు! అంటే హైవే మీద పోయే కారు వేగం అన్నమాట.

ఇప్పుడొక తమాషా గమనించండి. ముదురు కాయల్ని దింపు కార్మికులు పైనుంచి అలాగే కిందికి కొట్టేస్తారు. బొండాల గెలనైతే తాడు కట్టి మెల్లగా దింపుతారు. ఎందుకలా అని ఎవర్నడిగినా ఒకటే చెప్తారు. "ఆయ్, ముదురుకాయకి ఎండిన డొక్క ఉంటదండి. బొండం లేతది, బద్దలైపోద్దండి."

ఈ ఒక్క మాటలో స్టంటు శాస్త్రమంతా ఉంది. పై నుంచి పడే వస్తువు దారిలో వేగాన్ని అప్పుగా తెచ్చుకుంటుంది. నేల దగ్గర ఆ అప్పు తీర్చాలి. వాయిదాల మీద తీరిస్తే బతుకుతాం. ఒక్కసారిగా తీర్చాల్సొస్తే ఎముకలు జప్తయిపోతాయి! డొక్క చేసే పని ఆ వాయిదాలు ఇప్పించడమే. తాడైతే అసలు అప్పే చెయ్యనివ్వదు.

దీనికో తేలికైన లెక్క చెప్తాను, గుర్తు పెట్టుకోండి. పడిన ఎత్తుని, ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి. వచ్చినదే మీ ఒంటిమీద పడే దెబ్బ, మీ బరువుకి అన్ని రెట్లు. హీరోగారు ఆరు మీటర్ల ఎత్తున్న మేడమీంచి సిమెంటు రోడ్డు మీదికి దూకి, కాళ్ళు నిటారుగా పెట్టి నిలబడ్డారనుకుందాం. ఆగిన దూరం అయిదు సెంటీమీటర్లు. భాగిస్తే 120 రెట్లు. 70 కిలోల మనిషి మోకాళ్ళ మీద ఎనిమిది టన్నుల పైచిలుకు! అదే మోకాళ్ళు వంచి, ఒంగి, 60 సెంటీమీటర్ల మేర ఆగితే 10 రెట్లు. మీటరు లోతు దిగబడే గడ్డిమేటు మీద పడితే 6 రెట్లు. ఎత్తు అదే, మనిషీ అతనే. తేడా అంతా దిగిన చోట ఉంది.

షూటింగుల్లో ఎన్నో ఏళ్ళపాటు ఖాళీ అట్టపెట్టెల్ని వరసలుగా పేర్చి, వాటి మీద డూపుల్ని దూకించింది ఇందుకే. ఒక్కొక్క పెట్టె నలిగినప్పుడల్లా ఒక్కొక్క వాయిదా చెల్లినట్టు. తర్వాత స్పాంజి పరుపులూ, గాలిపరుపులూ వచ్చాయి. సూత్రం మాత్రం మన కొబ్బరి డొక్కదే.

ఒక్క గుద్దుకి ఇరవై అడుగులు

ఇక ఫైటింగు మొదలెడదాం. హీరో గుద్దితే రౌడీ ఇరవై అడుగుల దూరం గాల్లో తేలుతూ పోయి, కుండల కొట్టు మీదో కూరగాయల బండి మీదో పడతాడు. మన ఊరి సంత సీన్లలో ఒక్క కుండైనా మిగిలిన సినిమా ఉందా?

లెక్క చూద్దాం. మనిషి ఛాతీ ఎత్తునుంచి నేలమీద పడేలోగా గాల్లో ఉండేది అర సెకను లోపే. ఆ వ్యవధిలో ఇరవై అడుగులు పోవాలంటే గంటకి 48 కిలోమీటర్ల వేగం కావాలి. సరే, ఇచ్చేద్దాం. కాని న్యూటన్‌గారి మూడో సూత్రం ఊరుకోదుగా! హీరో రౌడీని ఎంత బలంగా తోస్తే రౌడీ హీరోని అంత బలంగానే వెనక్కి తోస్తాడు. ఇద్దరి బరువూ ఒకటే అయితే హీరోగారు కూడా అదే వేగంతో వెనక్కెళ్ళి ఎదుటి వరస కుండల మీద పడాలి! నిజం బాక్సింగు చూడండి. ప్రపంచ ఛాంపియన్ కొట్టినా, దెబ్బ తిన్నవాడు నుంచున్నచోటే కుప్పకూలతాడు తప్ప గోడకి అతుక్కోడు.

మరి సినిమాలో ఎగిరేదెలా? రౌడీ చొక్కా కింద నడుముకి పటకా, దానికి సన్నటి తీగ, అవతల గిలక. గిలకకి అటువైపు నలుగురు మనుషులు ఒక్కసారిగా లాగుతారు. అంటే రౌడీని పడేసింది హీరో గుద్దు కాదు, తెర మీద కనపడని ఆ నలుగురి జబ్బలు. తీగని తర్వాత కంప్యూటరు గ్రాఫిక్సులో చెరిపేస్తారు. ఈ ప్రశ్నకి మార్కులు సున్నా. కాని తీగ లాగినవాళ్ళకి మాత్రం నూటికి నూరు!

కాలవ దాటిన మోటార్ సైకిలు

మా వైపు కాలవలకి కొదవ లేదు గనక, ఈ సీను వచ్చినప్పుడు హాలు హోరెత్తిపోతుంది. హీరో బైకు గట్టు మీంచి లేచి, కాలవ దాటి, అవతలి గట్టు మీద దిగుతుంది.

పన్నెండు మీటర్ల కాలవ అనుకుందాం. ఇవతలి గట్టు మీద కాస్త ఏటవాలు చెక్క, అంటే ర్యాంపు, పదిహేను డిగ్రీల వంపుతో పెడితే, గంటకి 55 కిలోమీటర్ల వేగం చాలు, దాటేస్తుంది. ఆశ్చర్యంగా ఉంది కదూ! దిగేటప్పుడు తగిలే దెబ్బ కూడా ఎనభై సెంటీమీటర్ల ఎత్తునుంచి పడ్డంతే. బైకు స్ప్రింగులు పదిహేను సెంటీమీటర్లు కుంగితే అయిదు రెట్ల చిల్లర. శిక్షణ ఉన్నవాడు తట్టుకుంటాడు.

అయితే ర్యాంపు లేకుండా చదును గట్టు మీంచి పోనిస్తే? చక్రం గట్టు దాటిన మరుక్షణం నుంచీ బైకు కిందికి పడడం మొదలెడుతుంది. అవతలి గట్టు మీటరు పల్లంలో ఉన్నా సరే, గంటకి 95 కిలోమీటర్ల పైన ఉండాలి. రెండు గట్లూ సమానమైతే ఎంత వేగంగా పోయినా ముందు చక్రం అవతలి గట్టుకే గుద్దుకుంటుంది. కెమెరా కోణం దాచిపెట్టేది ఆ చెక్కనే. కాబట్టి ఈ సీను అసాధ్యం కాదు, కాని అందులో అసలు హీరో చెక్క!

వెనక్కెళ్ళిన రైలు

2003లో వచ్చిన 'పలనాటి బ్రహ్మనాయుడు' సంగతి ఎత్తకపోతే మీరు ఊరుకోరని నాకు తెలుసు. బి. గోపాల్‌గారి దర్శకత్వంలో బాలకృష్ణగారు తొడకొడితే రైలు వెనక్కి వెళ్ళిపోయింది. ఇరవయ్యేళ్ళు దాటినా ఆ సీను జనం నోళ్ళలో నానుతూనే ఉంది.

500 టన్నుల రైలు, గంటకి 40 కిలోమీటర్ల వేగం అనుకోండి. పది సెకన్లలో ఆపాలంటే దానికి ఎదురుగా యాభై టన్నుల పైబడిన తోపు కావాలి. మనిషి ఎంత బలవంతుడైనా అతని పాదాలకి నేల ఇచ్చే పట్టు సుమారుగా అతని బరువంతే. వంద కిలోల మనిషికి వంద కిలోలు. మిగతా టన్నులన్నీ ఎవరివ్వాలి? రైలు వెనక్కెళ్ళే ముందు మనిషే వెనక్కెళ్ళాలి. ఇక చెయ్యి తగలకుండా తొడ చప్పుడుతోనే అంటే, ఆ చప్పుడు ఇంజను అద్దం మీది దుమ్మునైనా కదపలేదు.

అయినా మా కోనసీమవాళ్ళకి ఈ సీను మీద వేరే ఫిర్యాదుంది. గోదావరి దాటి మా లంకల్లోకి రైలు ఎప్పుడొస్తుందా అని తరాల తరబడి ఎదురుచూసినవాళ్ళం. వచ్చే రైలుని వెనక్కి పంపడమేమిటండీ!

చెట్టుతో విసిరిన సైనికులు

2017లో 'బాహుబలి 2' పతాక సన్నివేశం గుర్తుందా? కొబ్బరిచెట్లలాంటి పొడుగాటి చెట్లని కిందికి వంచి, డాళ్ళు చుట్టూ కప్పుకున్న సైనికుల్ని వాటి తలల దగ్గర నిలబెట్టి ఒక్కసారిగా వదుల్తారు. బంతుల్లా కోటగోడ మీంచి ఎగిరి లోపల పడతారు. ఆ సీను చూసి మా ఊళ్ళో చెట్లకేసి కొత్తగా చూడనివాడు లేడు.

కోటగోడ ఎత్తు పదిహేను మీటర్లనుకుని, వాలుగా ఎగిరారనుకుంటే గంటకి 87 కిలోమీటర్ల వేగం కావాలి. ముప్ఫై మీటర్ల ఎత్తునుంచి పడితే వచ్చే వేగం అది. మన సూత్రాన్నే తిరగేసి వాడదాం. చెట్టు తల ఆరు మీటర్ల మేర విసిరితే, ముప్ఫైని ఆరుతో భాగించగా అయిదు రెట్లు. రాకెట్టులో పోయే వ్యోమగాములు ఇంచుమించు అంతే ఒత్తిడి భరిస్తారు. కాబట్టి ఎగరడం వరకు మనిషికి ప్రమాదం లేదు!

ప్రమాదమంతా దిగేచోట. రాతి నేలమీద డాలు తగిలి, ఒళ్ళు ముప్ఫై సెంటీమీటర్లలో ఆగిందనుకుందాం. ముప్ఫై మీటర్లని భాగించండి. వంద రెట్లు! 80 కిలోల సైనికుడి మీద ఎనిమిది టన్నులు. నీళ్ళకుండని ఇనప్పెట్టెలో పెట్టి మేడమీంచి పడేస్తే పెట్టె నిక్షేపంలా ఉంటుంది. కుండ సంగతేమిటి?

ఇక చెట్టు సంగతి మాకు వేరే చెప్పాలా? 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. కొబ్బరిచెట్టు గాలికి వంగుతుంది, ఊగుతుంది, మళ్ళీ లేస్తుంది. నిజమే. కాని దాని ఓర్పుకీ హద్దుంది. హద్దు దాటితే విరుగుతుంది, లేదా వేళ్ళతో సహా లేచిపోతుంది. తల నేలకి తగిలేలా వంచితే మళ్ళీ లేచే చెట్టు ఆ రోజు మాకు కనపడలేదు.

తాడూ, తడిగుడ్డా

2022 నాటి 'ఆర్.ఆర్.ఆర్.'లో వంతెన సీనుకి మాత్రం నేను మంచి మార్కులే వేస్తాను. మంటల మధ్య చిక్కిన పిల్లాణ్ణి కాపాడడానికి ఒకరు మోటార్ సైకిలు మీద, ఒకరు గుర్రం మీద వచ్చి, ఒకే తాడు రెండు కొసలకి తమని కట్టుకుని వంతెనకి చెరో వైపు దూకుతారు. ఆలోచన సరైనదే. నూతి గిలకకి చెరో వైపు సమానమైన బరువు కడితే ఏదీ కిందికి పోదు. ఒకరి ప్రాణానికి ఇంకొకరి బరువే ఆధారం. స్నేహాన్ని చూపించడానికి ఇంతకన్నా మంచి ఫిజిక్సు నాకు తోచదు.

చిక్కల్లా తాడు బిగిసే క్షణంలో ఉంది. వదులుగా ఉన్న తాడుతో ఎనిమిది మీటర్లు పడి, తాడు నలభై సెంటీమీటర్లే సాగితే మళ్ళీ ఇరవై రెట్ల కుదుపు. కొండలెక్కేవాళ్ళు సాగే తాళ్ళు వాడేది అందుకే. మన కొబ్బరిపీచు తాడుకి సాగే గుణం ఎక్కువ, బలం మాత్రం తక్కువ. బిగిసిన తాడుతో ఉయ్యాలలా ఊగుతూ దిగితే అడుగున మనిషి బరువుకి మూడు రెట్లు లాగుతుంది, అంతే.

ఇక తడిపిన జెండా కప్పుకుని మంటలోంచి దూసుకుపోవడం! ఈ సినిమా మొత్తంలో ఫిజిక్సు మెచ్చుకునే ముక్క ఇదే. లీటరు నీళ్ళని మరిగించడానికయ్యే వేడికన్నా, ఆ మరిగే నీళ్ళని ఆవిరి చెయ్యడానికి ఏడు రెట్లకి పైగా వేడి కావాలి. గుడ్డలో నీళ్ళు ఉన్నంతసేపూ మంట ముందు నీళ్ళతో తేల్చుకోవాలి, తర్వాతే ఒంటిమీదికి రావాలి. ఇల్లు అంటుకున్నప్పుడు మన పెద్దవాళ్ళు గోనెసంచి తడిపి పరుగెత్తింది ఇందుకే. ఈ రక్షణ క్షణాలపాటే సుమా!

మంటల మాట వచ్చింది గనక ఇంకొక్కటి. వెనకాల బాంబు పేలుతుంటే హీరో నల్లకళ్ళద్దాలు సర్దుకుంటూ నింపాదిగా నడిచొస్తాడు. ఇరవై మీటర్ల దూరంలో నిజంగా పేలితే ఆ గాలిదెబ్బ రెప్పపాటు లోపే వీపుకి తగులుతుంది. వేడి అంతకన్నా ముందే తగులుతుంది. షూటింగులో కాల్చేది ఎక్కువగా పెట్రోలు మంట. దూరపు లెన్సు వల్ల మంట పక్కనే ఉన్నట్టు కనపడుతుంది. మా వాళ్ళకి మాత్రం ఈ సీనుకి ఈల వెయ్యబుద్ధి కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో మొదలైన మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు పైపులైను పేలి ఎన్నో ఇళ్ళలో దీపాలార్పింది. నిజం మంట ముందు నింపాదిగా నడిచినవాణ్ణి కోనసీమ చూడలేదు.

మరి ఆ బాకీ ఎవరు తీరుస్తారు?

ఇదంతా హీరోల్ని ఎగతాళి చెయ్యడానికి రాయలేదండీ. ఫిజిక్సు చెప్పే అసలు సంగతి వేరే ఉంది. అప్పు మాయం కాదు. తెరమీద హీరో తీర్చకపోతే తెర వెనకాల ఎవరో తీర్చి తీరాలి. అట్టపెట్టెలు తీర్చాలి, గిలకలు తీర్చాలి. అవి లేనినాడు మనిషి ఒళ్ళే తీర్చాలి.

1980 నవంబరు 16న మద్రాసు దగ్గర షోలవరంలో 'కోలిళక్కం' షూటింగులో మలయాళ హీరో జయన్ డూపు లేకుండా తనే హెలికాప్టరుకి వేలాడుతూ, అది నేలకి తగలడంతో ప్రాణం పోగొట్టుకున్నారు. 2016 నవంబరు 7న బెంగుళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి జలాశయంలో 'మాస్తిగుడి' అనే కన్నడ చిత్రం కోసం హెలికాప్టరు మీంచి దూకిన అనిల్, ఉదయ్ నీళ్ళలో మునిగి చనిపోయారు. వాళ్ళ ఒంటిమీద లైఫ్ జాకెట్లు లేవు. వాళ్ళతోపాటు దూకిన హీరో బతికాడు. 2025 జులై 13న తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో 'వేట్టువం' షూటింగులో కారు స్టంటు చేస్తూ మోహన్‌రాజ్ పోయారు. మనం రెండు సెకన్లు చూసి మరిచిపోయే షాటు ఒక ఇంట్లో జన్మంతా మరిచిపోలేనిది.

గుర్తింపు ఇప్పుడిప్పుడే వస్తోంది. మన జాతీయ అవార్డుల్లో స్టంటుకి 'బాహుబలి 2'కీ, తర్వాత 'ఆర్.ఆర్.ఆర్.'కి కింగ్ సాలమన్‌కీ బహుమతులొచ్చాయి. ఆస్కారు వాళ్ళు కూడా 2027లో విడుదలయ్యే చిత్రాల నుంచి స్టంటుకి విడిగా అవార్డిస్తామని 2025లో ప్రకటించారు. దాదాపు వందేళ్ళు పట్టింది వాళ్ళకి ఈ మాట తోచడానికి!

ఇక కుర్రకారుకి ఒక మాట. సినిమా చూసొచ్చి లాకుల మీంచి కాలవలోకి తలకిందులుగా దూకి, స్నేహితుడిచేత ఫోన్లో వీడియో తీయించుకునే ముందు మన భాగహారం ఒక్కసారి చేసుకోండి. మూడు మీటర్ల ఎత్తు. నీళ్ళు తగ్గిన వేసవి. అడుగున మట్టిలో తల ఆగే దూరం పది సెంటీమీటర్లు. ముప్ఫై రెట్లు! నీళ్ళు అందులో కొంత మాఫీ చేసినా, మిగిలిన బాకీ చాలు మెడ విరగడానికి. అక్కడ అట్టపెట్టెలుండవు, గిలక లాగే నలుగురుండరు, రెండో టేకు అసలే ఉండదు.

మరి సినిమాలు మానెయ్యాలా? అబ్బే, అంత మాట ఎవరన్నారు! రేపు కొత్త బొమ్మ పడితే నేనూ మీ పక్క సీట్లోనే ఉంటాను. హీరోగారు ఎగిరినప్పుడు ఓ ఈల వెయ్యండి. ఆయన బదులు అట్టపెట్టెల మీద పడి, దుమ్ము దులుపుకుని లేచి, "ఓకేనా మాస్టరూ?" అని అడిగే ఆ ఫైటరు పేరు చివర్లో టైటిల్సులో గబగబా పైకెళ్ళిపోతుంది చూడండి... కుర్చీలోంచి లేవకుండా ఆ పేరుకి ఇంకో ఈల వెయ్యండి. లెక్కప్రకారం ఆ ఈల ఆయనకి బాకీ!